నీళ్ళు ముట్టుకోకు

1951 ఎండాకాలం. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో యంగ్స్‌టౌన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. పిల్లల బేస్‌బాల్ పోటీల్లో ఒక జట్టు గెలిచింది. గెలిచిన సంబరంలో కోచ్‌లూ తల్లిదండ్రులూ కలిసి పిల్లలందర్నీ మునిసిపల్ ఈతకొలనుకి పిక్నిక్ తీసుకెళ్ళారు. గేటు దగ్గర ఒక పిల్లాణ్ణి ఆపేశారు. వాడి పేరు ఆల్ బ్రైట్. జట్టులో నల్లవాడు వాడొక్కడే. మిగతా పిల్లలు లోపలికెళ్ళి నీళ్ళలో దూకారు. వాడు కంచె బయట కూర్చున్నాడు. మధ్యమధ్య పెద్దవాళ్ళు వచ్చి తినడానికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్తున్నారు.

కాసేపటికి పెద్దవాళ్ళలో కొందరికి మనసొప్పక వెళ్ళి గట్టిగా అడిగారు. కొలను చూసుకునే సూపర్‌వైజర్ ఒక ఒప్పందానికి వచ్చాడు. ముందు అందరూ నీళ్ళలోంచి బయటికి రావాలి. పిల్లలూ పెద్దలూ అంతా. వచ్చారు. అప్పుడు ఆల్ బ్రైట్‌ని ఒక చిన్న రబ్బరు పడవలో కూర్చోబెట్టారు. లైఫ్‌గార్డు నీళ్ళలోకి దిగి, ఆ పడవని నెట్టుకుంటూ కొలను చుట్టూ ఒక్కసారి తిప్పాడు. గట్టు మీద వందమంది దాకా నిలబడి చూస్తున్నారు. తిప్పుతున్నంతసేపూ లైఫ్‌గార్డు వాడికి మెల్లగా చెప్తున్నది ఒకటే: నీళ్ళు ముట్టుకోకు.

ఆల్ బ్రైట్ పెద్దయ్యాక చిత్రకారుడయ్యాడు, అదే ఊళ్ళో యూనివర్సిటీ ప్రొఫెసరయ్యాడు. ఈ సంగతి బయటికి చెప్పింది అతని చిన్ననాటి స్నేహితుడు, రచయిత మెల్ వాట్కిన్స్. అమెరికా ఈతకొలనుల చరిత్ర మీద జెఫ్ విల్ట్సీ రాసిన ‘కంటెస్టెడ్ వాటర్స్’ (2007) ద్వారా చాలామందికి తెలిసింది. ఇసబెల్ విల్కర్సన్ తన ‘కాస్ట్’ పుస్తకంలో (2020) మళ్ళీ చెప్పింది. ఆ పుస్తకం పేరే కులం. అమెరికా జాతి వివక్షని కులం అనే మాటతో అర్థం చేసుకోవాలని ఆవిడ వాదన. శుద్ధి, మైల గురించి రాస్తూ ఆవిడ ఈ పిల్లాడి కథ దగ్గరికి వస్తుంది.

తెలుగువాళ్ళం ఈ కథ చదివితే ఇంకెవరో వచ్చి విడమరిచి చెప్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్, ఆయనతో వచ్చిన వేలమంది చవదార్ చెరువు నీళ్ళు తాగాక, ఊరి పెద్దకులాల వాళ్ళు 108 కుండల పంచగవ్యం పోసి ఆ చెరువుని ‘శుద్ధి’ చేశారు. 1985 జూలైలో కారంచేడు మొదలైంది కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే. పోలిక అంతవరకూ నిజం. కానీ ఒక తేడా ఉంది, ఈ వ్యాసం ఆ తేడా గురించే. మహద్‌లో, కారంచేడులో గొడవ తాగే నీళ్ళ మీద. అమెరికాలో గొడవ సరదా నీళ్ళ మీద. ఎండాకాలం మధ్యాహ్నం పిల్లలు కేరింతలు కొట్టే నీళ్ళ మీద. సరదాయే కదా, పోతే పోయిందిలే అనిపిస్తుంది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకాయనకి కూడా సరిగ్గా అలాగే అనిపించింది. అక్కడికి తర్వాత వస్తాను.

*

‘నల్లవాళ్ళకి ఈత రాదు.’ ఇది అమెరికాలో జోకుగా, సిద్ధాంతంగా, సానుభూతిగా చాలా రూపాల్లో తిరుగుతూ ఉంటుంది. 1987 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఉన్నతాధికారి ఆల్ కంపానిస్, దేశమంతా చూస్తున్న టీవీ కార్యక్రమంలో, నల్లవాళ్ళు మంచి ఈతగాళ్ళు కాలేకపోవడానికి కారణం వాళ్ళకి నీటిలో తేలే గుణం లేకపోవడమే అన్నాడు. ఆ వారంలోనే ఉద్యోగం పోయింది. తమాషా ఏంటంటే ఆ కార్యక్రమం జాకీ రాబిన్సన్‌ని తలుచుకోవడానికి పెట్టింది. పెద్ద లీగుల బేస్‌బాల్‌లో జాతి గోడని కూల్చిన ఆటగాడు ఆయన. ఆయన పెరిగిన ఊరి ఈతకొలను సంగతి కూడా ముందు వస్తుంది.

అసలు చరిత్ర దీనికి తలకిందులు. కెవిన్ డాసన్ అనే చరిత్రకారుడు ‘అండర్‌కరెంట్స్ ఆఫ్ పవర్’ (2018) అని ఒక పుస్తకం రాశాడు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో పశ్చిమాఫ్రికా తీరానికి వెళ్ళిన యూరప్ నావికుల్లో చాలామందికి ఈత రాదు. ఓడ మునిగితే వాళ్ళూ మునగడమే. అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లలూ చేపల్లా ఈదుతుంటే నోరెళ్ళబెట్టి చూసి, ఆ ఆశ్చర్యాన్ని తమ యాత్రా కథనాల్లో రాసుకున్నారు. రాసుకుని ఊరుకోలేదు. ఈత వచ్చిన ఆ మనుషుల్ని బానిసలుగా పట్టుకెళ్ళి వెనిజువెలా దగ్గర మార్గరీటా దీవిలో ముత్యాల కోసం సముద్రం అడుక్కి దింపారు.

ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. జాక్ ఫ్రాన్సిస్. ఆఫ్రికా పశ్చిమ తీరంలో ఆర్గ్విన్ దీవిలో పుట్టాడు. 1545లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. అందులోని ఫిరంగుల్ని పైకి తియ్యడానికి మనుషులు కావాలి. ఆ పని ఒప్పుకున్న వెనిస్ వ్యాపారి దగ్గర ముఖ్యమైన గజ ఈతగాడు ఈ జాక్ ఫ్రాన్సిసే. 1548లో ఆ వ్యాపారి మీద కేసు నడిచినప్పుడు ఇంగ్లండు నౌకాదళ న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండు కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు దాఖలాలున్న ఆఫ్రికన్లలో మొదటివాడు అతనే. అవతలి పక్షం వాళ్ళు ఇతను బానిస, క్రైస్తవుడు కాదు, ఇతని మాట చెల్లదు అన్నారు. కోర్టు మాత్రం అతని సాక్ష్యం తీసుకుంది. సముద్రం అడుగున ఏముందో తెలిసిన మనిషి ఆ గదిలో ఇంకెవరున్నారు మరి?

అలాంటి మనుషుల వారసులకి ఈత రాకుండా పోయిందంటే అది దానంతటదే జరగలేదు. ఎవరో ఆ నీళ్ళకి తాళం వేశారు. ఎప్పుడు, ఎలా?

*

ఇక్కడే విల్ట్సీ పుస్తకం నన్ను బాగా ఆపింది. మనం సహజంగా ఏమనుకుంటాం? పాతకాలంలో వివక్ష ఎక్కువ, రానురాను తగ్గింది అని. ఉత్తరాది నగరాల ఈతకొలనుల్లో జరిగింది అది కాదు. 1880లలో ఫిలడెల్ఫియాలో నగరపాలక సంస్థ కట్టించిన కొలనులు పేదల పేటల్లో ఉండేవి. ఇళ్ళలో స్నానాల గదులు లేని కాలం. ఆ నీళ్ళలో ఐర్లండు నుంచి, ఇటలీ నుంచి వచ్చిన కూలీల పిల్లలూ, నల్లపిల్లలూ కలిసే ఈదేవాళ్ళు. పైతరగతి వాళ్ళు అటువైపు చూసేవాళ్ళు కాదు. వేరుగా ఉంచింది ఆడామగల్ని. మగవాళ్ళకి కొన్ని రోజులు, ఆడవాళ్ళకి కొన్ని రోజులు.

1920లలో కథ మారింది. కొలనులు స్నానం కోసం కాకుండా విహారం కోసం కట్టడం మొదలైంది. చుట్టూ ఇసక, పచ్చిక, కూర్చోవడానికి బెంచీలు. ఈత దుస్తులు చిన్నవయ్యాయి. కుటుంబాలు కలిసి రావాలని ఆడామగల్ని ఒకే నీళ్ళలోకి అనుమతించారు. సరిగ్గా అప్పుడే నల్లవాళ్ళని గేటు బయట పెట్టారు. నల్లమగవాడు, తెల్లఆడపిల్ల, తడిబట్టలు, ఒకే నీళ్ళు. ఆ దృశ్యాన్ని ఊహించుకోవడమే వాళ్ళ వల్ల కాలేదు. పైకి చెప్పిన కారణాలు మాత్రం రోగాలు, శుభ్రత. 1931లో పిట్స్‌బర్గ్‌లో హైలండ్ పార్క్ కొలను తెరిచినప్పుడు నల్లవాళ్ళని ఆరోగ్య ధృవపత్రం చూపించమన్నారు. తెల్లవాళ్ళని ఎవరూ అడగలేదు. అయినా దిగినవాళ్ళని తెల్లకుర్రాళ్ళు నీళ్ళలోనే కొట్టారు.

అంటే ఆడవాళ్ళకి దొరికిన ఒక చిన్న స్వేచ్ఛకి వెల నల్లవాళ్ళు కట్టారన్నమాట. దీన్ని ఎలా మింగాలో నాకింకా తెలీదు. ఆడవాళ్ళ రక్షణ పేరుతో మొదలయ్యే ఏ హుకుం విన్నా ఇప్పుడు నాకు ఆ గేటు గుర్తొస్తోంది.

జాకీ రాబిన్సన్ పెరిగిన ఊరు కాలిఫోర్నియాలో పసడీనా. దక్షిణాది కాదు, అందరికీ ఓటున్న చోటు. అక్కడి బ్రుక్‌సైడ్ కొలను 1914 నుంచి ఉంది. తెల్లవాళ్ళు కానివాళ్ళకి వారానికి ఒక్క రోజు. ఆ రోజు అయిపోగానే నీళ్ళు తోడేసి, కడిగి, కొత్త నీళ్ళు నింపేవాళ్ళు. మహద్‌లో కుండలు, పసడీనాలో పంపులు. కొలను అందరికీ తెరవమని కోర్టు చెప్పినప్పుడు నగరం నల్ల ఉద్యోగుల్ని పని నుంచి తీసేసింది. వాళ్ళలో జాకీ అన్న మాక్ రాబిన్సన్ ఒకడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనకాలే వచ్చి వెండి పతకం తెచ్చినవాడు. పతకం తెచ్చి, వచ్చి, ఆ ఊళ్ళో వీధులు ఊడ్చే ఉద్యోగంలో చేరాడు. అదీ పోయింది.

*

కొలనుకి కంచె ఉంటుంది, గేటు ఉంటుంది. సముద్రానికీ సరస్సుకీ ఏముంటుంది? నీటి మీద గీత ఎలా గీస్తారు?

1919 జూలై 27. షికాగో. మిషిగన్ సరస్సు ఒడ్డున 25వ వీధి దగ్గర నల్లవాళ్ళు దిగేవాళ్ళు, 29వ వీధి దగ్గర తెల్లవాళ్ళు. చట్టమేమీ లేదు, బోర్డేమీ లేదు. అలవాటు, అంతే. యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి సొంతంగా కట్టుకున్న తెప్ప మీద ఆడుకుంటున్నాడు. తెప్ప నీటివాలుకి కొట్టుకుపోయి ఆ కనపడని గీత దాటింది. గట్టు మీంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. యూజీన్ మునిగి చనిపోయాడు. రాళ్ళు విసిరినవాణ్ణి చూపించినా అక్కడున్న పోలీసు అరెస్టు చెయ్యలేదు. ఆ తర్వాత వారం పాటు షికాగో తగలబడింది. 38 మంది చనిపోయారు. 23 మంది నల్లవాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు. వెయ్యి నల్లకుటుంబాలకి ఇళ్ళు లేకుండా పోయాయి.

గీత దాటకుండా తమ చోటు తామే కొనుక్కుంటే? అదీ చేశారు. కాలిఫోర్నియాలో విల్లా బ్రూస్, చార్ల్స్ బ్రూస్ దంపతులు 1912లో మన్‌హాటన్ బీచ్‌లో స్థలం కొని నల్లవాళ్ళ కోసం విహారకేంద్రం నడిపారు. 1924లో నగరం పార్కు కడతామంటూ భూసేకరణ కింద లాక్కుంది. ఎంతోకాలం అక్కడ ఏ పార్కూ లేదు. 2022లో ఆ భూమిని వారసులకి తిరిగి ఇచ్చారు. మరుసటి ఏడాది వాళ్ళు దాన్ని దాదాపు 2 కోట్ల డాలర్లకి కౌంటీకే అమ్మేశారు. బాగానే ముగిసింది అనొచ్చు, మధ్యలో తొంభైఎనిమిదేళ్ళు వదిలేస్తే.

మిసిసిపీ రాష్ట్రం బిలాక్సీలో 26 మైళ్ళ ఇసక తీరం ఉంది. అది ప్రకృతి ఇచ్చింది కాదు. 1947 తుపాను తర్వాత కేంద్ర ప్రభుత్వ డబ్బుతో ఇసక పోయించి తయారుచేసింది. అంటే నల్లవాళ్ళ పన్నులు కూడా ఆ ఇసకలో ఉన్నాయి. 1959 మే 14న డాక్టర్ గిల్బర్ట్ మేసన్ కొందరు మిత్రులతో, పిల్లలతో వెళ్ళి నీళ్ళలో దిగాడు. పోలీసులు వచ్చి పొమ్మన్నారు. ఇది పబ్లిక్ బీచ్ కదా అంటే, కాదు, ఎదురుగా ఇళ్ళున్నవాళ్ళ సొంతం అన్నారు. 1960 ఏప్రిల్ 24న నూటపాతిక మంది దాకా వెళ్ళారు. ఇనపగొట్టాలతో, గొలుసులతో, బిలియర్డ్స్ కర్రలతో తెల్లమూక వాళ్ళ మీద పడింది. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. 1963 జూన్‌లో మూడోసారి వెళ్ళినప్పుడు ఇసకలో నల్లజెండాలు పాతారు. అంతకు పదకొండు రోజుల ముందే హత్యకి గురైన మెడ్గర్ ఎవర్స్ కోసం. ఆ తీరం అందరిదీ అని కోర్టు తేల్చేసరికి 1968 అయింది.

ఆ రకం నిరసనకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘వేడ్-ఇన్’. హోటళ్ళలో కుర్చీలో కూర్చుంటే ‘సిట్-ఇన్’, నీళ్ళలో నడిస్తే ‘వేడ్-ఇన్’. కూర్చునేవాళ్ళు మన పాఠాల్లోకి వచ్చారు, రోసా పార్క్స్ బస్సు వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం వచ్చింది. నీళ్ళలో నడిచినవాళ్ళు రాలేదు. సరదా కోసం కొట్లాడినవాళ్ళని వీరులని అనడానికి చరిత్రకి కూడా మొహమాటమేమో.

*

1964 జూన్ 18. ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్. మాన్‌సన్ మోటర్ లాడ్జ్ అనే హోటల్. వారం ముందు ఆ హోటల్ మెట్ల మీదే కింగ్‌ని అరెస్టు చేశారు. ఆ రోజు గది అద్దెకి తీసుకున్న ఇద్దరు తెల్ల కార్యకర్తలు, అతిథులుగా తమ స్నేహితుల్ని కొలనులోకి పిలిచారు. నల్లయువతీ యువకులు పరుగెత్తుకొచ్చి దూకారు. వాళ్ళలో ఒకమ్మాయి మేమీ నెల్ ఫోర్డ్, తర్వాత మిమీ జోన్స్ అయింది. పదిహేడేళ్ళు. జార్జియాలో ఆల్బనీ నుంచి వచ్చింది. ఈత వచ్చినవాళ్ళు ఎవరు అని అడిగితే చెయ్యెత్తిన అమ్మాయి.

హోటల్ నడిపే జేమ్స్ బ్రాక్ పరుగున వచ్చి, కొలను గచ్చు కడిగే మ్యూరియాటిక్ ఆసిడ్ డబ్బా తెచ్చి నీళ్ళలో ఒంపడం మొదలుపెట్టాడు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. చూడకపోతే ఒకసారి వెతికి చూడండి. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి గట్టున వంగి డబ్బా ఒంపుతుంటాడు. నీళ్ళలో ఒకమ్మాయి నోరు తెరిచి అరుస్తూ పక్కవాణ్ణి పట్టుకుని ఉంటుంది. అంత నీటిలో అంత ఆసిడ్ ఒళ్ళు కాల్చేంత ప్రమాదం కాదు. కానీ ఆ క్షణంలో నీళ్ళలో ఉన్నవాళ్ళకి ఆ లెక్కలు వెయ్యడానికి టైమెక్కడిది? ఆ ఆవిరికి ఊపిరాడలేదని ఆమె తర్వాత చెప్పింది. ఎంతకీ బయటికి రాకపోతే ఒక పోలీసు బట్టలతోనే నీళ్ళలో దూకి వాళ్ళని పట్టుకున్నాడు.

ఆ ఫోటో మర్నాటికి ప్రపంచమంతా తిరిగింది. ఇలాగైతే మన విదేశాంగ విధానం గంగలో కలిసినట్టే అని అధ్యక్షుడు జాన్సన్ ఫోన్‌లో తల పట్టుకున్నాడు. ఆ మర్నాడే, జూన్ 19న, పౌరహక్కుల బిల్లు సెనేట్‌లో గెలిచింది. జూలై 2న చట్టమైంది. బిల్లుకి అప్పటికే ఓట్లు కుదిరాయి, కాబట్టి ఆసిడ్ వల్లే చట్టం వచ్చిందనడం అతి. చట్టం ఎందుకు కావాలో ఒక్క ఫోటోలో తెలిసిపోయింది, అంతే.

బ్రాక్ గురించి ఇంకో ముక్క. చట్టం వచ్చాక అతను ఒప్పుకుని నల్లవాళ్ళకి గదులివ్వడం మొదలుపెట్టాడు. ఇచ్చినందుకు తెల్లదురహంకారులు అతని హోటల్ మీద పెట్రోలు బాంబులు వేశారు. రాక్షసుడిగా లోకానికి తెలిసిన మనిషికి తనవాళ్ళ చేతుల్లో జరిగింది ఇది. జాలి పడాలో వద్దో మీ ఇష్టం, నాకైతే ఆసిడ్ డబ్బానే ముందు కనిపిస్తుంది.

*

ఇక చట్టం వచ్చింది కదా, పిల్లలు కొలనుల్లో దూకి ఉండాలి. మిమీ జోన్స్ సొంతూరు ఆల్బనీలో ఏం జరిగిందో చూడండి. నగరం తన టిఫ్ట్ పార్క్ కొలనుని 1963లో ఒక పత్రికాధిపతికి అమ్మేసింది. ఇక అది ప్రైవేటు, ఎవర్ని రానివ్వాలో ఆయనిష్టం. అలబామాలో మాంట్‌గోమరీ ఇంకా ముందుకెళ్ళింది. పార్కులు అందరికీ తెరవమని కోర్టు చెప్తే, 1959 జనవరి 1 నుంచి ఊళ్ళో పార్కులన్నీ మూసేసింది. ఓక్ పార్క్‌లో చక్కటి కొలనులో మట్టి పోసి పూడ్చేసింది. జంతుప్రదర్శనశాల కూడా ఎత్తేశారు. ఆరేళ్ళ తర్వాత పార్కులు తెరిచారు, కొలను మాత్రం తిరిగి రాలేదు. నల్లపిల్లాడు ఈదకుండా ఉండాలంటే తన పిల్లాడూ ఈదకపోయినా పర్లేదనుకున్నారు ఆ ఊరి తెల్లవాళ్ళు.

మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో అయిదు పబ్లిక్ కొలనులు. నాలుగు తెల్లవాళ్ళకి, ఒకటి నల్లవాళ్ళకి. సెగ్రిగేషన్ చెల్లదని కోర్టు చెప్పాక నగరం కొలనులు నడపడమే మానేసింది. నల్లపౌరులు కేసు వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పామర్ వర్సెస్ థాంప్సన్, 1971 జూన్ 14. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. మూసెయ్యడం ఇద్దరికీ సమానంగానే మూసెయ్యడం కాబట్టి రాజ్యాంగానికి విరుద్ధం కాదని మెజారిటీ తీర్పు. నేను ముందు చెప్పిన న్యాయమూర్తి ఈయనే, హ్యారీ బ్లాక్‌మన్. నగరంతో ఏకీభవిస్తూ విడిగా నాలుగు మాటలు రాశాడు. ఈతకొలను అనేది ఉంటే బాగుంటుందిగానీ, అత్యవసరం కాదని.

ఈలోగా డబ్బున్నవాళ్ళు ఇళ్ళ వెనక గుంటలు తవ్వించుకున్నారు. విల్ట్సీ లెక్క ప్రకారం 1950లో అమెరికా ఇళ్ళలో నేలలో తవ్విన కొలనులు దాదాపు 2,500. 1999కి 40 లక్షలు. శివార్లలో కాలనీకో క్లబ్బు, క్లబ్బుకో కొలను, సభ్యులకే ప్రవేశం. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి ఈ ‘కమ్యూనిటీ పూల్’ బాగా తెలుసు, ఇల్లు కొనేటప్పుడు చూసే వాటిలో అదొకటి. 2015 జూన్‌లో మెకిన్నీలో అలాంటి ఒక కొలను దగ్గర పిల్లల పార్టీకి పోలీసులొచ్చారు. ఒక అధికారి ఈత దుస్తుల్లో ఉన్న పదిహేనేళ్ళ నల్లమ్మాయిని నేలకేసి తొక్కిపెట్టిన వీడియో అందరూ చూశారు. ఆ గేటు తాళం కార్డు మన జేబులో కూడా ఉంది. ఆ కార్డు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుని ఉంచుకోవడంలో తప్పులేదు.

*

మన ఊళ్ళలో ఈత ఎలా వచ్చేది? నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి, నాన్నో మావయ్యో దిగుడుబావిలోకి తోసేస్తే వచ్చేది. (ఆ బావి ఎవరి పొలంలో ఉంది, అందులో ఏ పిల్లల్ని దూకనిచ్చేవాళ్ళు అన్నది వేరే వ్యాసం.) ఈత పుస్తకం చదివితే రాదు. వచ్చినవాళ్ళు పక్కనుండి నేర్పాలి. ఒక తరానికి నీళ్ళు లేకుండా చేస్తే తర్వాతి తరానికి నేర్పేవాళ్ళు ఉండరు. ఆ భయం కూడా నేర్పబడుతుంది. నీళ్ళ దగ్గరికి వెళ్ళకు అని చెప్పే నల్లతల్లి ఏ లైఫ్‌గార్డు మాటా అప్పజెప్పడం లేదు, బిడ్డని కాపాడుకుంటోంది. కానీ మాట మాత్రం అదే.

2017లో యూఎస్ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ చేయించిన అధ్యయనంలో, ఈత రాని లేదా అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు నల్లవాళ్ళలో 64 శాతం, తెల్లవాళ్ళలో 40 శాతం. తల్లిదండ్రులకి ఈత రాకపోతే పిల్లలు నేర్చుకునే అవకాశం 19 శాతమే. 5 నుంచి 19 ఏళ్ళ మధ్య నల్లపిల్లలు ఈతకొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కంటే అయిదున్నర రెట్లు అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2014లో లెక్క చెప్పింది.

2010 ఆగస్టు 2. లూసియానాలో ష్రీవ్‌పోర్ట్. ఎండకి తట్టుకోలేక రెండు మూడు నల్లకుటుంబాలు రెడ్ రివర్ ఒడ్డుకి వచ్చాయి. పిల్లలు మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆడుకుంటున్నారు. ఒక అబ్బాయి అడుగు తీసి అడుగు వేసేసరికి కింద నేల లేదు. వాణ్ణి పట్టుకోవడానికి ఒకడు వెళ్ళాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఇంకొకరు. అలా ఒకరి వెనక ఒకరు. మొదట మునిగినవాణ్ణి దారిన పోయే ఒకతను లాగి బయట పడేశాడు. మిగతా ఆరుగురు చనిపోయారు. అందరూ 13 నుంచి 18 ఏళ్ళ లోపువాళ్ళు, రెండు కుటుంబాల పిల్లలు. వాళ్ళలో ఎవరికీ ఈత రాదు. తల్లిదండ్రులు ఒడ్డునే ఉన్నారు. వాళ్ళకీ రాదు. అరుస్తూ చూడటం తప్ప ఏం చెయ్యలేకపోయారు.

ఉంటే బాగుంటుందిగానీ అత్యవసరం కాదు అన్న వాక్యం కోర్టు రికార్డుల్లో ఇంకా అలాగే ఉంది.

2016లో రియో ఒలింపిక్స్‌లో సిమోన్ మాన్యువెల్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్లో బంగారు పతకం గెలిచింది. ఈతలో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన మొదటి నల్ల అమెరికన్ మహిళ. ఆ రోజు ఏడుస్తూ మాట్లాడినప్పుడు, ‘నల్ల ఈతగత్తె’ అన్న బిరుదు లేకుండా ఉత్త ఈతగత్తెగా పిలిపించుకునే రోజు రావాలంది. ఇలాంటి విజయాలతో వ్యాసం ముగించడం తేలిక, పైగా చదివేవాళ్ళకీ హాయి. కానీ పతకం వేరు, ఒడ్డున ఉన్న తల్లికి ఈత రావడం వేరు.

అందుకని ఒక తల్లి గురించి చెప్పి ఆపేస్తాను. పెన్సిల్వేనియాలో ఒక వాటర్ పార్కులో అయిదేళ్ళ పిల్లాడు ట్యూబు మీద జారుకుంటూ నీళ్ళలోకి వచ్చి తలకిందులయ్యాడు. ట్యూబు వదల్లేదు, పైకి రాలేదు. లైఫ్‌గార్డులు తీసి ఊపిరి పోశారు. తల్లికి ఈత రాదు. ఇంకెప్పుడూ నీళ్ళ జోలికి వెళ్ళొద్దు అని ఆమె అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. వారం తిరక్కుండానే వాణ్ణి తీసుకెళ్ళి ఈత క్లాసులో చేర్పించింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 4×100 మీటర్ల రిలేలో అమెరికా జట్టు ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. మైకేల్ ఫెల్ప్స్ ముందు దూకిన రేసు అది. మూడోవాడిగా దూకిన కలెన్ జోన్స్, ఆ పిల్లాడే.